పెట్టెలో మిగిలిన మఖ్మల్ ముక్క

బుర్మకాన్ చేతిలో పడ్డ గుడ్డముక్క మళ్ళీ నేల ముఖం చూసి ఎరగదు. అత్-బాషి ఊళ్ళో ఏ ఇంట్లో గౌను కుట్టినా, పరదా కత్తిరించినా మిగిలిన పీలికలు ఆమె గుమ్మానికే చేరేవి. అగ్గిపెట్టెంత ముక్కకి కూడా ఇస్త్రీ చేసి, రంగుల వారీగా మడిచి, పెళ్ళినాటి పెట్టెలో దాచేది. వాటిని అతికి ఆమె కుట్టిన కురాక్ బొంతల్లో పడుకోకుండా పెరిగిన పిల్లలు ఆ వీధిలో లేరు.

"నువ్వొస్తున్నావంటే మా ఆయన లాగూ దాచెయ్యాలమ్మా, బొంతలో కలిపేస్తావు" అని ఆడవాళ్ళు ఆటపట్టించేవారు.

"మీ ఆయన లాగూకి కుట్టడానికి చోటెక్కడుంది, అన్నీ చిల్లులేగా" అని ఈవిడా ఊరుకునేది కాదు.

అంత పొదుపరి. ఒక్క ముక్క విషయంలో మాత్రం ఆ పొదుపు ఆమెను నిలువునా ముంచింది.

అక్కడ నిండా బతికిన ముసలివాళ్ళు పోతే తాన్లకొద్దీ గుడ్డ తెచ్చి, జానెడేసి చింపి, వచ్చిన ఆడవాళ్ళకి పంచుతారు. జిర్తిష్ అంటారు. అది పసిబిడ్డ బొంతలో కుడితే పోయినవాళ్ళ ఆయుష్షు బిడ్డకొస్తుందని అందరి నమ్మకం. బుర్మకాన్ కాపురానికొచ్చిన రెండో ఏడు ఆమె భర్త ముత్తవ్వ ఊల్‌బాలా తొంభై ఎనిమిదేళ్ళకి పోయింది. అత్తగారు ముదురెరుపు మఖ్మల్ ముక్క ఒకటి తెచ్చి కోడలి చేతిలో పెట్టి, "పారేసుకోకు" అంది. పారేసుకోవద్దంది గానీ వాడొద్దని ఆ మహాతల్లి అనలేదు.

కొడుకు పుట్టాడు. బండలా ఉన్నాడు, వీడికెందుకులే అనుకుంది. కూతురు పుట్టింది. ఇంకా మంచి బొంత కుట్టినప్పుడు చూద్దాంలే అనుకుంది. తర్వాత, మనవల కోసం ఉంచుదాం అనుకుంది. మఖ్మల్ ముక్క చిన్న సంచీలో, పెట్టె అడుగున, మడత విప్పకుండా ఉండిపోయింది.

ఇంతలో మరిది పెళ్ళాం జిపార్‌కి ఇద్దరు బిడ్డలు పోయారు. మొదటిది నలభై రోజులు నిండకుండానే. రెండోవాడు ఏడు నెలలవాడు, అప్పుడప్పుడే నవ్వడం నేర్చినవాడు. మూడోసారి నెల తప్పినప్పుడు ఆ పిల్ల మంచు కరిగిన బురదలో పడుతూ లేస్తూ తోడికోడలి ఇంటికొచ్చింది.

"అక్కా, బిడ్డ నిలవాలంటే బొంతలో ఏడిళ్ళ గుడ్డ ఉండాలన్నారు, ఏడిళ్ళ ముక్కలూ పోగేశాను. నడిమిదొక్కటే లేదు. ముత్తవ్వ ముక్క నీ దగ్గరుందటగా, అత్తయ్య చెప్పింది. గోరంత ఇయ్యి చాలు."

"ముందు కూర్చుని టీ తాగు. ఎక్కడికీ పోదులే" అని బుర్మకాన్ లోపలి గదిలోకెళ్ళింది.

పెట్టె తెరిచింది. సంచీ మీద చెయ్యి వేసింది. గోరంత కోస్తే మిగిలింది వంకర ముక్కే కదా అనిపించింది. వచ్చే ఏడు కూతురి పెళ్ళి, ఆ తర్వాత దాని పిల్లలు. పక్కనే ఇంకో ఎర్ర మఖ్మల్ ఉంది. ఊళ్ళో నాటకాల హాలు పరదా పాతబడి దింపేసినప్పుడు తెచ్చుకున్నది. రంగులో వీసమెత్తు తేడా లేదు. కత్తెర దాని మీద ఆడింది. నీటుగా నాలుగు మూలలు కోసి, ఇస్త్రీ చేసి, రుమాలులో చుట్టి మరీ ఇచ్చింది.

జిపార్ దాన్ని నుదుటికి ఆనించుకుని ఏడ్చింది.

పిల్ల బతికింది. ఉండిపోవాలని తుర్సునాయ్ అని పేరు పెట్టారు. ఉండిపోయింది. జిపార్ కృతజ్ఞత మాత్రం తోడికోడలికి శిక్షయి కూర్చుంది. ఏడాదిలో తీసిన మొదటి వెన్న బుర్మకాన్ ఇంటికే. విందుల్లో దిండ్లు సర్ది పై వరసలో కూర్చోబెట్టేది. పదిమంది ముందూ ఆ చెయ్యి పట్టుకుని, "నా బిడ్డని నిలబెట్టింది ఈ చెయ్యే" అనేది. ఆ చెయ్యి లాక్కోలేక, ఉంచలేక బుర్మకాన్ తలొంచుకునేది.

ఒకసారి, ఆవుల పాలు పిండుతుండగా నోరు తెరిచింది.

"జిపార్, ఆ ముక్క సంగతి..."

"ఏం అక్కా, చిరిగిందేమో అనా? అబ్బే, చెక్కు చెదరలేదు."

"అదే. అప్పుడప్పుడూ ఎండలో వెయ్యి."

అంతే. ఇరవై ఏడేళ్ళలో ఆమె చెప్పగలిగిన నిజం అంతే. పోయిన చలికాలం ఊపిరితిత్తుల జబ్బుతో జిపార్ యాభై ఏడేళ్ళకే పోయింది. ఆ వయసులో పోయినవాళ్ళకి గుడ్డ చింపరు. బుర్మకాన్ వట్టి చేతులతో ఇంటికొచ్చింది.

ఈ శరదృతువులో ఒక మధ్యాహ్నం తుర్సునాయ్ పాత బొంత చంకన పెట్టుకుని వచ్చింది. ఏడో నెల.

"పెద్దమ్మా, నా బొంతే నా బిడ్డకీ పరుద్దామనుకుంటున్నా. నడిమి ముక్క చూడు, తాతయ్య బట్టతలలా అయింది. నీ దగ్గర మిగిలుంటే కొత్తది వేస్తావా? అమ్మ ఉంటే తనే అడిగేది."

ఆ చివరి మాట లేకపోతే బుర్మకాన్ ఏమని ఉండేదో. లేచి పెట్టె తెరిచి సంచీ తెచ్చింది. ఈసారి మొత్తం ముక్క ఇచ్చేద్దామనే తెచ్చింది. మడత విప్పింది. మఖ్మల్ మడత వెంట టప్పున చీలిపోయింది. మిగతాది వేళ్ళ మధ్యే పొడిపొడిగా రాలి, ఒళ్ళో ఎర్రటి నూగు మిగిలింది. ఎవరూ కప్పుకోలేదు, ఎవరూ నలపలేదు, ఒక్కసారి ఎండ తగల్లేదు. ఉన్నచోటే పాడైపోయింది.

"ఇదేమిటి పెద్దమ్మా?"

"ఇది ముత్తవ్వ ముక్క. నీ బొంతలో ఉన్నది నాటకాల హాలు పరదా. మీ అమ్మకి నేను అబద్ధం ఇచ్చాను." ఒకసారి మొదలయ్యాక ఆమె ఆగలేదు, కూతురి పెళ్ళి, వంకర ముక్క, ఆవుల దగ్గర మింగేసిన మాట, అన్నీ చెప్పేసింది.

తుర్సునాయ్ అరవలేదు. అరిచినా బావుండేది. రాలిన నూగు వైపు చూసి ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"నాకంటే ముందు పోయిన అన్నయ్య... వాడు పుట్టినప్పుడు కూడా ఇది ఈ పెట్టెలోనే ఉందా?"

అబద్ధం గురించే ఇన్నాళ్ళూ కుమిలింది గానీ ఈ లెక్క బుర్మకాన్ ఎన్నడూ వేసుకోలేదు. అప్పుడు జిపార్ అడగలేదు. ఈమె ఇవ్వలేదు. అడగాలా?

"ఉంది" అంది. "అంతకు ముందూ ఉంది."

తుర్సునాయ్ బొంత ఒళ్ళోకి లాక్కుని, నూగు పోయిన పరదా ముక్క మీద బొటనవేలు రాసింది. తర్వాత దాన్ని పెద్దమ్మ ముందుకి జరిపింది.

"దీన్ని తియ్యకు. అంచులు ఊడాయి, అవి కుట్టు చాలు. ఇదైనా పెట్టెలోంచి బయటికొచ్చింది."

బుర్మకాన్ సూదిలో దారం ఎక్కించబోయింది. మూడుసార్లు తప్పింది. చివరికి తుర్సునాయే ఎక్కించి ఇచ్చింది.