పూల యముడికి ఒక పువ్వు

మొక్కల పరిశోధనశాలలో మా బాబాయిని అందరూ పూల యముడు అనేవారు. ఎవరైనా కొండలూ గుట్టలూ ఎక్కి ఒక పువ్వు తెచ్చి, ఇది కొత్త జాతి అని పేరు పెట్టి మురిసిపోతుంటే, ఆయన బీరువాలోంచి ఎండు మొక్క అంటించిన పాత అట్ట ఒకటి లాగి, "ఇదీ అదీ ఒకటే" అని తేల్చేసేవాడు. ఒకే పువ్వుకు రెండు పేర్లుంటే ముందు పెట్టినదే నిలుస్తుంది. రెండోది చెత్తబుట్టలోకే.

అలాంటి మనిషికి తన పేరుతో ఒక పువ్వుండాలని ఒకటే ఆశ. తన పేరు తనే పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారు, ఇంకెవరైనా పెట్టాలి. ఆయన చేతిలో దెబ్బ తిననివాళ్ళుంటే కదా పెట్టడానికి. రిటైరైనా ఆ దిగులు పోలేదు.

అదే పరిశోధనశాలలో పనిచేస్తున్న నాకు కిందటేడు రాళ్ళ సందుల్లో ఒక చిన్న ఊదాపువ్వు దొరికింది. రేకుల అడుగున సన్నటి నూగు. ఇంతకుముందు ఎవరూ రాయని పువ్వని నమ్మి, బాబాయి పేరు పెట్టి వ్యాసం రాశాను. పిన్ని వీధంతా చాటింపు వేసింది. బాబాయి పైకి, "ఎందుకమ్మా ఇవన్నీ" అన్నాడు గానీ, ఆ రోజు గడ్డం రెండుసార్లు గీసుకున్నాడు.

వ్యాసం అచ్చుకు పంపేముందు ఒకసారి చూస్తాను, పువ్వు తెమ్మన్నాడు. చూడకుండా ఊరుకుంటే ఆయన మా బాబాయే కాదు. తనే పిన్ని టీ గిన్నెలో నీళ్ళు కాచి, ఎండిన పువ్వును అందులో వేసి మెత్తబరిచి, భూతద్దం కింద రేకులు విప్పాడు. అడుగునున్న నూగును సూదిమొనతో అటూ ఇటూ జరిపి చూశాడు.

"పాత డైరెక్టరు పేరుతో ఒక పువ్వుందే, ఆ అట్ట రేపు పట్రా" అన్నాడు చివరికి.

ఆ పువ్వుకు ఆ పేరు పెట్టింది కూడా బాబాయే, ప్రమోషను ఇస్తాడేమోనని. ఆ డైరెక్టరు ఇవ్వలేదు. అప్పటినుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

మర్నాడు రెండు పువ్వులూ పక్కపక్కన పెట్టి చూశాడు. వంటింటి గుమ్మంలోంచి పిన్ని, "చూసీ చూడనట్టు ఊరుకోండి. ఎవరికి తెలుస్తుంది?" అంది.

"నాకు తెలిసిందిగా. నీడలో పెరిగింది కాబట్టి నూగొచ్చింది, అంతే. ఆ దుర్మార్గుడి పేరే ఉంటుంది."

నా చేతిలోని వ్యాసం తీసుకుని, తన పేరు తనే అడ్డంగా కొట్టేశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

"ఏడుపెందుకు? నీ మోకాళ్ళు బాగానే ఉన్నాయిగా, ఇంకో కొండ ఎక్కు" అన్నాడు.

భూతద్దం తుడుచుకుంటూ, "కాస్త త్వరగా ఎక్కమ్మా" అన్నాడు.