మూడో పిలుపు

చంద్రగిరి వెనకాల కొండల్లో జింకలకోన ఉంది. పైన బండల మీంచి దూకిన నీళ్ళు వాగై, అడవిలో మలుపులు తిరిగి తిరిగి, చివరికి స్వర్ణముఖిలో కలుస్తాయి. కార్తీకం వచ్చిందంటే తిరుపతి నుంచి పిల్లాజెల్లాతో సంసారాలు బయలుదేరేవి. పొద్దున్నే కోన ఎక్కి, మడుగులో మునిగి, ఉసిరిచెట్ల కింద పులిహోర, దద్దోజనం తిని, పొద్దు వాలకముందే దిగిపోయేవాళ్ళు. వాళ్ళను ఎక్కించి దింపే మనిషి మునస్వామి.

మిగతా పదకొండు నెలలూ అతను వెదుర్లు కొట్టి బతికేవాడు. అప్పుడు అతన్ని పలకరించే నాథుడు లేడు. కార్తీకంలో మాత్రం పెద్దమనిషి. డెబ్బై ఏళ్ళ ముసలమ్మ చేత ఏ బండ మీద అడుగు వేయించాలో, ఐదేళ్ళ పిల్ల మారాం చేస్తే ఏ మలుపులో ఏ కథ ఎత్తుకోవాలో అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. కట్టె పుచ్చుకుని ముందు అతను, అన్నం గంప నెత్తిన పెట్టుకుని అందరికన్నా వెనక భార్య గురవమ్మ. మధ్యలో ఎంతమంది ఉన్నా ఒక్కరూ తప్పిపోయింది లేదు.

కోనలోకి అడుగు పెట్టేముందు అందరినీ నిలబెట్టి ఒక్క కట్టడి చెప్పేవాడు. అడవిలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకకూడదు, రెండో పిలుపుకూ పలకకూడదు, తిరిగి చూడకూడదు. మూడోసారి పిలిస్తేనే మనిషి. గాలిదయ్యానికి మూడోసారి పిలిచే శక్తి లేదు. అది మనవాళ్ళ గొంతుతోనే పిలుస్తుంది, పలికామా, వెంటబెట్టుకుని పోతుంది. చదువుకున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ నవ్వినవాళ్ళే అడవి చిక్కబడ్డాక నోటికి తాళం వేసుకునేవాళ్ళు.

గురవమ్మకు మాత్రం ఆ కట్టడితో పనే లేదు. ఆమె ఎవరినీ పేరు పెట్టి పిలిచే రకం కాదు, అందులోనూ మొగుణ్ణి. ఆ కాలంలో ఏ ఆడదీ మొగుడి పేరు పలకదు గానీ, ఈమెది మరీ చోద్యం. మునగాకు అనాలన్నా ఆ పేరు తగులుతుందని, సంతలో వేలు చూపించి ఆ ఆకు ఇవ్వమనేది. జనాభా లెక్క రాసే గుమాస్తా ఇంటాయన పేరేమిటని అడిగితే, పక్కింటామెను పిలుచుకొచ్చి ఆమె చేత చెప్పించింది. మొగుడితో ఏం పని ఉన్నా "యో" అనేది, అంతే. ఆ ఒక్క ముక్కలోనే ఆకలీ, అలకా, ముద్దూ అన్నీ తెలిసేవి మునస్వామికి.

పందొమ్మిది వందల నలభై రెండు కార్తీకంలో ఇరవై ముగ్గురు వచ్చారు. గుడి కచేరీలో రాతపని చేసే సారంగపాణి, ఆయన భార్య పెరుందేవి, పిల్లలు, వాళ్ళ వీధివాళ్ళు. భోజనాలు అయ్యేసరికి పైకొండ నల్లబడింది. కింద చినుకు పడకపోయినా పైన పడితే చాలు, వాగు ఉరికి వస్తుంది. మునస్వామి తొందరపెట్టాడు. గబగబా వాగు దాటి, అవతలి గట్టెక్కి, మద్దిచెట్ల చీకట్లో నడుస్తుండగా వెనకనుంచి వినబడింది.

"మునస్వామీ."

అచ్చంగా గురవమ్మ గొంతు. మునస్వామికి ఒళ్ళు గగుర్పొడిచింది. గురవమ్మ వరుసలో చివర నడిచి వస్తోంది కదా. ఏదైనా కావలిస్తే యో అంటుంది గానీ పేరెందుకు పెడుతుంది? ప్రాణం పోయినా పెట్టదు. కాబట్టి అది గురవమ్మ కాదు. అతను చెయ్యి పైకెత్తాడు. పలకవద్దు, తిరగవద్దు, నడవండి అని సైగ చేశాడు.

రెండోసారి పిలుపు వచ్చింది. ఈసారి సాగదీసినట్టు, ఏడుపు జీరతో వచ్చింది. పిల్లలు తల్లుల కొంగుల్లో దూరారు. మునస్వామి గుండె రాయి చేసుకుని మూడో పిలుపు కోసం చెవులు రిక్కించాడు. అది రాలేదు. గాలే అనుకున్నాడు. ఉన్నమాట చెప్పుకోవాలి, గండం గడిచిందని సంతోషపడ్డాడు కూడా. ఆ సంతోషాన్ని తలుచుకుని తరవాత అతను పడిన సిగ్గు అంతా ఇంతా కాదు.

అడవి దాటాక తలలు లెక్కపెడితే గురవమ్మ లేదు. మడుగు దగ్గర పెరుందేవి మరచెంబు మరిచిపోతే, దానికోసం వెనక్కి వెళ్ళిందని అప్పుడు బయటపడింది. మునస్వామి పరుగెత్తాడు. అప్పటికే వాగు గట్లు ఒరుసుకుని పారుతోంది. నీళ్ళు తీశాక కనబడింది. రెండు బండల సందున ఆమె పాదం ఇరుక్కుని ఉంది, చెంబు చేతిలోనే ఉంది.

ఊరంతా వచ్చి ఓదార్చింది. మునస్వామి చిన్నాయన మునిరామయ్య అయితే తేల్చి చెప్పాడు, నువ్వు విన్నది గాలేరా, మొగుడి పేరు పలికే మనిషా గురవమ్మ అని. మునస్వామి ఆ మాటను పట్టుకుని బతికాడు. అది గాలైతే అతని తప్పేమీ లేదు. ఆమే అయితే, కట్టుకున్నది రెండుసార్లు పిలుస్తున్నా నీళ్ళకు వదిలేసి నడిచిపోయినవాడు. ఏది నిజమో తెలియక ఏడేళ్ళు నలిగిపోయాడు. సంతలో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే బిగుసుకుపోయి నిలబడేవాడు. కొత్తవాళ్ళు చెవిటివాడనుకునేవాళ్ళు.

కోనకు పోవడం మాత్రం మానలేదు. ప్రతి కార్తీకంలోనూ ఆ మద్దిచెట్ల కిందికి వచ్చేసరికి వెనకనుంచి రెండు పిలుపులు వినబడేవి. ఇంకెవరికీ వినబడేవి కావు. జనాన్ని ముందుకు పంపి అతను ఆగేవాడు. మూడోది వస్తే ఆమే. రాకపోతే గాలి. రాకూడదని కొండ దేవుడికి మొక్కుకునేవాడు. మొక్కు పూర్తికాకముందే, ఒక్కసారి వస్తే బాగుండునని ఇంకో మొక్కు మొక్కుకునేవాడు. మనసుకు తలా తోకా ఉంటే కదా. ఎన్నడూ మూడోది రాలేదు.

నలభై తొమ్మిదిలో పెరుందేవి మళ్ళీ వచ్చింది. ఆ ఏడేళ్ళూ ఆమె కోన ముఖం చూడలేదు. కూతురినీ మనవరాలినీ వెంటబెట్టుకుని వచ్చిందే గానీ, ఆకు ముందు కూర్చుని తిన్నది లేదు. తిరిగి వచ్చేటప్పుడు వాగు దాటాక, మిగతావాళ్ళను ముందు నడవమని చెప్పి మునస్వామి దగ్గర ఆగింది.

"నీకొక మాట చెప్పాలప్పా. ఏడేండ్లుగా గొంతులో ముల్లు మాదిరి ఉండాది."

"సెప్పమ్మా."

ఆ రోజు చెంబు కోసం వెనక్కి పోతూ గురవమ్మ ఆమెను ఒక సంగతి అడిగిందట. నీళ్ళు గానీ వస్తే ఏమని కేక వెయ్యాలి, యో అంటే ఇంతమంది మగవాళ్ళలో ఎవరని పలుకుతారు అని.

"పేరు పెట్టి పిలువు, అడివిలో పాపం లేదు అని నేనే చెప్పినాను. నవ్వింది. ఆ పేరు నాకు నోట్లో తిరగదమ్మా అనింది." పెరుందేవి కొంగుతో ముఖం తుడుచుకుంది. "పిలుపు వినపడంగానే ఆమేనని తెలుసు నాకు. నోరు తెరిచినాను. నువ్వు చెయ్యెత్తినావు. బిడ్డలు జతలో ఉండారు, నాకూ భయమేసింది. మూసుకున్నాను."

మునస్వామి అక్కడే బండ మీద కూలబడ్డాడు. ఏడేళ్ళు పట్టుకుని వేలాడిన కొమ్మ విరిగిపోయింది. అది విరిగినందుకు కాదు అతను ఏడ్చింది.

"రెండు మాట్లు పిల్సిందమ్మా," అన్నాడు. "నోట్లో తిరగని పేరు, రెండు మాట్లు పిల్సింది. నేను బయపడితిని."

పెరుందేవిని జనంలో కలిసేదాకా దిగబెట్టి, మునస్వామి ఒక్కడే మద్దిచెట్ల కిందికి తిరిగి వచ్చాడు. ఈసారి మొదటి పిలుపుకే పలకాలని వచ్చాడు. పలికితే తీసుకుపోతుందా, పోనీ. వాగు వైపు తిరిగి నిలబడి కాచుకున్నాడు. ఆకుల మీద వెలుగు పలచబడింది, పక్షులు సద్దుమణిగాయి. ఏడేళ్ళుగా ఒక్క ఏడూ తప్పని పిలుపు ఆ రోజు రాలేదు.

అప్పుడు మునస్వామే నోరు తెరిచాడు. గురవమ్మా అని ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. పిలిచేది గాలి కాదు, మనిషేనని ఆమెకు తెలియాలి కదా అని మూడోసారి కూడా పిలిచాడు.