ప్రార్థన కోసం పంపిన పాస్‌వర్డ్

మా చర్చి సంఘంలో ప్రార్థన అడిగితే వివరంగా అడగాలి. "ఏ సంగతో తెలియకుండా ఏమని ప్రార్థించమంటావమ్మా?" అంటారు పెద్దవాళ్లు. ఆపరేషన్ అయితే ఏ కాలికో, పరీక్ష అయితే ఏ సబ్జెక్టో వాట్సాప్ గ్రూపులో రాయాలి. అందుకే ఏలూరులోని ఒక చిన్న కంపెనీ నాకు ఉద్యోగ పరీక్ష పంపినప్పుడు, ఆ మెయిల్ మొత్తం కాపీ చేసి గ్రూపులో పెట్టాను.

రొయ్యల ఎగుమతిదారుల కంప్యూటర్లలోకి దొంగలు చొరబడకుండా కాపలా కాసే కంపెనీ అది. తాడేపల్లిగూడెంలో డిగ్రీ చదివి, ఏడాదిపాటు ఆన్‌లైన్‌లో సైబర్ సెక్యూరిటీ నేర్చుకున్న నాకు ఇంటర్వ్యూ దాకా పిలుపు రావడం అదే మొదలు. మెయిల్‌లో ఒక లింకు, నాకు కేటాయించిన పాస్‌వర్డ్, వీటిని ఎవరికీ ఇవ్వవద్దన్న హెచ్చరిక ఉన్నాయి. హెచ్చరిక చదివాను. సంఘాన్ని పరాయివాళ్లుగా లెక్కపెట్టడం మాత్రం నాకు తోచలేదు.

ఆ లింకులో వాళ్లు పెట్టిన సిస్టమ్‌లో లోపాలు వెతికి, మూడు రోజులు కూర్చుని రిపోర్టు రాశాను. ఇంటర్వ్యూ చేసిన మేడమ్ దాన్ని తిరగేసి, "బాగుందండి. తెలియని చోట తెలియలేదని రాశారు, అది నచ్చింది" అన్నారు. ఉద్యోగం వచ్చినట్టే అనుకున్నాను. తర్వాత ఆవిడ కంప్యూటర్ తెర నావైపు తిప్పారు.

"మీ పాస్‌వర్డ్‌తో ఆరు వేరే ఫోన్లు లోపలికి వచ్చాయండి. ఎవరికైనా ఇచ్చారా?"

"లేదండి. మా పిన్నిగారు నా ఫోన్ తీసి, ఎవరికో పంపి ఉంటారు. పెద్దావిడ, ఇవేవీ తెలియవు."

ఆవిడ నా సొంత పిన్ని కాదు. కైకలూరులో ఐసు కొట్టు నడుపుతూ, ప్రతి ఆదివారం ఆరాధనలో తన పక్కన నాకు చోటు ఉంచే మనిషి. గ్రూపులో అందరికన్నా ముందు ఆమెన్ అని పెట్టింది ఆవిడే. నా నోటికి ఆవిడే దొరికారు.

"అయితే ఆవిడకి ఫోన్ చెయ్యండి, ఇంకెవరూ తెరవకుండా ఆపాలి కదా. స్పీకర్ పెట్టండి" అన్నారు మేడమ్.

"అయిపోయిందా ఇంటర్వ్యూ?" పిన్నిగారి గొంతు గదంతా వినిపించింది.

"పిన్నిగారూ, ఆ లింకు తెరిచారా?"

"నువ్వు గ్రూపులో పెట్టగానే తెరిచానమ్మా! పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టాను, మూడోసారికి వచ్చింది. ఆ పేజీ మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాను. మన సిస్టర్లు ఐదుగురికీ నేనే నేర్పించాను. నీ ఉద్యోగం అందులోనే ఉందాయె!"

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయారు. నేను తల ఎత్తలేకపోయాను. ఏదెను తోటలో నింద ఒకరి మీద ఒకరు నెట్టుకున్న పాఠాన్ని సండే స్కూల్లో పిల్లలకు చెప్పేది నేనే.

ఫోన్ పెట్టేశాక మేడమ్ మెల్లగా అన్నారు. "పంపడం పొరపాటేనండి. కొత్తలో నేనూ ఇలాంటివి చేశాను. పని మేం నేర్పుతాం. ఏదైనా జరిగితే 'నేనే చేశాను' అని ఆ నిమిషంలోనే చెప్పే మనిషి మాకు కావాలి. లేకపోతే మేం దొంగని ఇంకెక్కడో వెతుకుతూ కూర్చుంటాం."

"నేనే పంపానండి" అన్నాను.

"ఇప్పుడు నాకూ తెలిసింది కదండీ" అన్నారు.

ఆదివారం పిన్నిగారు నా చెయ్యి పట్టుకుని, "నేను తెరవబట్టే ఉద్యోగం పోయిందా అమ్మా?" అని అడిగారు. కాదన్నాను. ఆరాధనలో సాక్ష్యం చెప్పడానికి లేచి, మెయిల్ గ్రూపులో పెట్టడం నా తప్పేనని అందరి ముందూ ఒప్పుకున్నాను. స్తోత్రం అన్నారందరూ. నా నిజాయితీకి పిన్నిగారు కళ్లు తుడుచుకున్నారు. ఇంటర్వ్యూ గదిలో ఆవిడ మీద వేసిన నింద సంగతి మాత్రం నోరు దాటి రాలేదు. ఇప్పటికీ ఆవిడ తన పక్కన నాకు చోటు ఉంచుతున్నారు. వెళ్లి కూర్చుంటున్నాను.