గడియారానికి తలంటు

ప్రేమ్‌నాథ్ బల్బు మారిస్తే ఇంట్లో ఫ్యూజు పోయేది. ముప్పై రెండేళ్ళు ఇన్సూరెన్సు ఆఫీసులో కాగితాలు ఈ ట్రేలోంచి ఆ ట్రేలోకి జరిపి, ఆ చేతులతోనే రిటైరయ్యాడు. తోచీ తోచనమ్మ తోటికోడలి పుట్టింటికి వెళ్ళిందట. ఈయన యూట్యూబుకి వెళ్ళాడు. అక్కడ ఒక తెల్లగడ్డాయన, ఎవరో దొర, ఆటోమేటిక్ వాచీని విప్పి, కడిగి, నూనె వేసి, మళ్ళీ బిగించి చూపిస్తున్నాడు. అంతే, బ్రిక్‌ఫీల్డ్స్‌ పేటలోని వాళ్ళ ఫ్లాటులో వెనక గది వర్క్‌షాపైపోయింది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. కంటికి బిగించుకునే భూతద్దం, సన్నని పట్టకార్లు, చిట్టి స్క్రూడ్రైవర్లు, మూడు రకాల నూనె సీసాలు దిగాయి. స్క్రూలు ఎగిరిపోతాయని ఇంట్లో ఫ్యాన్లు బంద్. ఆ ఉక్కపోతలో భార్య దేవకి చెమటలు కక్కుతూ వంట చేస్తుంటే, గరిటె చప్పుడుకి తన చెయ్యి వణుకుతోందని విసుక్కునేవాడు. పాత సామాన్ల సంతలో కొన్న అయిదు వాచీలు ఆయన చేతిలో ప్రాణాలు వదిలాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అవన్నీ నాసిరకం వాచీలన్నాడు. ఆరోది తిరిగింది. ఎందుకు తిరిగిందో ఆయనకూ తెలియదు. ఆ రోజు నుంచి తెలుగు సంఘంలో ఎవరైనా టైమెంతని అడిగితే టైము చెప్పడం మాని, వాచీ ఎలా నడుస్తుందో చెప్పడం మొదలెట్టాడు.

తర్వాత ఆయన కన్ను దేవకి చేతి మీద పడింది.

ఆ చేతికున్న వాచీ ఆమె అన్న గంగయ్యది. తండ్రి లేని చెల్లెల్ని పామాయిల్ తోటలో గుమాస్తాగిరీ చేసి చదివించి, పెళ్ళి చేసి, తాను ఒంటరిగానే ఉండి మూడేళ్ళ కిందట పోయాడు. ఆటోమేటిక్ వాచీకి బ్యాటరీ ఉండదు. పెట్టుకున్న చెయ్యి ఆడుతుంటేనే దానికి కీ ఎక్కుతుంది. అందుకే ఆసుపత్రిలో అన్న చేతి నుంచి తీసిన వాచీని, అది ఆగిపోకముందే దేవకి తన చేతికి పెట్టుకుంది. ఆ మగ వాచీ మోచేతి దాకా జారుతున్నా తియ్యలేదు. పిండి కలిపినా, బట్టలారేసినా అది చేతికి ఉండాల్సిందే.

"మా అన్న సెయ్యి ఆడించిన మిషను ఇది. ఆ సెయ్యి ఆగిపోతే నా సెయ్యి అందుకుంది. మజ్జిలో ఒక్క పూట ఆగనేదు," అనేది ఎవరడిగినా.

అలాంటి వాచీని ముట్టుకోకూడదని బుర్రున్న ఎవడికైనా తెలుస్తుంది. ప్రేమ్‌నాథ్‌కి వాచీల గురించి మాత్రమే తెలుసు. "లోపల నూనె ఎండిపోయుంటాది దేవకీ. ఇలాగే తిప్పితే చక్రాల పళ్ళు అరిగిపోతాయి లా," అని, అక్కడి మలయ్ అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ రోజూ పోరుపెట్టాడు. భయపెట్టి భయపెట్టి, దీపావళికి పది రోజుల ముందు చేతినుంచి ఊడబీకినంత పని చేశాడు.

"ఒక్క పూట ఆపుతానంటే ఇత్తన్నాను," అంది దేవకి. "లోపలిది ఏటీ మార్చకండి."

వీడియోలో తెల్లగడ్డాయన వెంట్రుక కొసంత నూనె చాలన్నాడు. కొన్నిచోట్ల అసలు వద్దన్నాడు. ప్రేమ్‌నాథ్‌కి ఈ పిసినారితనం నచ్చలేదు. దీపావళి తలంటంటే నూనె చెవుల వెంట కారాలని నమ్మే ఇంట్లో పుట్టిన మనిషి. నూనె సంగతి తెల్లవాళ్ళకేం తెలుసు? చక్రాల నిండా, ఇరుసుల నిండా, వద్దన్న చోట ఇంకో రెండు చుక్కలు, గంగయ్య వాచీకి శుభ్రంగా తలంటు పోశాడు. అది గంటసేపు నడిచి, నూనెలో పడ్డ ఈగలా కొట్టుకుని ఆగింది. తుడవబోయి, లోపలున్న జుట్టంత సన్నని స్ప్రింగుని చిక్కు పెట్టాడు. చిక్కు తియ్యబోయి తెంపాడు.

అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు. ఆన్‌లైన్లో అదే కొలతకు లోపలి మిషను మొత్తం కొత్తది తెప్పించి, పరీక్ష చేస్తున్నానని నాలుగు రోజులు నెట్టుకొచ్చి, గంగయ్య వాచీ పైడబ్బాలో దాన్ని బిగించి భార్య చేతికి కట్టాడు. దేవకి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆయనకిష్టమని ఆ పూట పులిహోర చేసింది. ఈ మహానుభావుడు సిగ్గు లేకుండా రెండోసారి వడ్డించుకున్నాడు.

దేవకి ఊరుకుంటుందా, ఊరంతా చెప్పింది. ఉగాదికి సంఘం వాళ్ళు ఆయనకు శాలువా కప్పారు. ఆయన కప్పించుకున్నాడు.

ఆ వారమే సంఘం కార్యదర్శి పునిత వచ్చింది, చేతిరుమాల్లో ఒక వాచీ చుట్టుకుని.

"మా నాన్నది అన్నయ్యా. ఆగిపోయింది. షాపోడికి ఇయ్యడానికి మనసు రానేదు. లోపలంతా మార్చేస్తారంట లా."

ప్రేమ్‌నాథ్ చేతులు ఒళ్ళోంచి లేవలేదు. "నా వల్ల కాదమ్మా. షాపుకే తీసుకెళ్ళు."

దేవకికి కోపం వచ్చింది. "ఏటండీ ఆ మాట? మా అన్నది బాగు సేసినారు గదా! కన్నతండ్రి వాచీ అని అడుగుతంటే కాదంటారేటి? నువ్వియ్యి పునితా. లోపల ఒక్క స్క్రూ మార్చరు."

పునిత రుమాలు విప్పి వాచీని ఆయన ముందు పెట్టింది.

ఈ వ్యవహారం మొత్తంలో ఆయన చేసిన మంచి పని ఒక్కటే. అదీ పారిపోయే దారి లేక చేశాడు.

"మీ అన్నది నేను బాగు సెయ్యనేదు దేవకీ. పాడు సేసినాను. నీ సేతికున్నదాంట్లో డబ్బా ఒక్కటే మీ అన్నది. లోపలిది కొత్తది."

పునిత గబగబా వాచీని మళ్ళీ రుమాల్లో చుట్టేసుకుంది. "మళ్ళా వస్తాను వదినా," అని చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే లిఫ్టు దగ్గరికి వెళ్ళింది.

దేవకి అరవలేదు. అరిచినా బాగుండేది. అరుపులకు చెప్పే జవాబులు ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన బాగానే పోగేసుకున్నాడు.

"పాతది ఏటి సేసినారు?" అంది.

"పారేసినాను. నీ కంట పడుతుందని."

"ఎప్పుడు?"

"దీపావళి ముందు మంగళవారం. కాగితంలో చుట్టి, వంటింట్లో చెత్త సంచీలో వేసినాను."

దేవకి ఆ మంగళవారాన్ని గుర్తు చేసుకుంది. తర్వాత ఆయన వంక చూడకుండానే చెప్పింది.

"ఆ సంచీ కిందకి మోసింది నేనే. చెత్త బండి ఎల్లిపోతంటే, ఆగమని అరుసుకుంటా పరిగెత్తి, నా సేతుల్తో ఇచ్చినాను."