తైషో గారి ఇరవయ్యో ఏడు

ఆ ఆదివారం జపాన్ చక్రవర్తులంతా మా ఇంటి కంచాల్లో కూర్చున్నారు. మెయిజీ గారు అమ్మ బిర్యానీ వడ్డించే పెద్ద కంచంలో, షోవా గారు టిఫిన్ ప్లేట్లో, పాపం తైషో గారు టీ సాసర్లో. తైషో ఏలింది పదిహేనేళ్ళే కాబట్టి ఆయనకి సాసరు చాలునని నా లెక్క. సాసరు అంచున చీటీ కూడా అంటించాను: ‘తైషో, పదిహేనేళ్ళు’.

జపాన్ పాత నాణెం మీద సంవత్సరం మనలాగా ఉండదు. రాజు శకం పేరు, ఆ శకంలో అది ఎన్నో ఏడో ఆ అంకె, ‘సంవత్సరం’ అని చెప్పే ఒక అక్షరం ఉంటాయి. కొత్త రాజు వచ్చాడంటే లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలు. ఎంత ఠీవి చూడండి! ఒక మనిషి గద్దె ఎక్కగానే దేశమంతా కాలం కొత్తగా పుడుతుందట. నాకు ఈ పిచ్చి అంటించింది మా తాత. ఆయన పోర్టులో ఓడలకెక్కే సరుకు లెక్క చూసేవాడు. ఇనుప ఖనిజం కోసం వచ్చిన జపాన్ ఓడల కుర్రాళ్ళు ఆయన బీడీ ఒకటి అడిగి, కాల్చి, దగ్గి, చేతిలో చిల్లర పెట్టి పోయేవారట. అవన్నీ షోవా నాణేలే. వాటి మీదే నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఒక గీత ఒకటి, రెండు గీతలు రెండు, కూడిక గుర్తు పది. అంతకంటే పాతవి ఈమధ్యే వన్ టౌన్‌లో ఒక సాయిబు గారి పాత సామాన్ల కొట్టులో దొరికాయి. వాటినే రాజుల వారీగా కంచాల్లోకి విడదీస్తూ, ఒక్కోదాన్నీ చిన్న కవర్లో పెట్టి పైన రాజు పేరూ ఏడూ రాస్తున్నాను.

అమ్మ వంటింట్లోంచి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టింది.

“ఏటే ఇది! ఆళ్ళు గాజువాక దాటీసినారంట. కంచాలు కాళీ సెయ్యి బేగి. కేసరి ఆళ్ళ అరసేతుల్లో పెట్టమంటావేటి?”

“ఉండమ్మా, సద్దుతన్నాను కదా!”

ఆళ్ళు అంటే నన్ను చూడ్డానికి వచ్చేవాళ్ళు. అబ్బాయి అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని చేస్తాడని, కాగితాల్లో తప్పులు పట్టడమే అతని ఉద్యోగమని మా పాస్టర్ గారు చెప్పారు. నేను పరవాడలో ఇంకో మందుల కంపెనీ ల్యాబులో ఉన్నాను. ఇంతకు ముందు రెండు సంబంధాలు వచ్చి పోయాయి. ఒకాయన “పెళ్ళయ్యాక ఈ సిల్లర ఉండదు కదా” అన్నాడు. రెండో ఆయన అసలు నాణేలున్న బల్ల వైపే చూడలేదు. ఇద్దరూ పాస్టర్ గారితో కబురు పంపుతామని వెళ్ళారు. కబురు రాలేదు, నాకు బాధా లేదు.

నేను కంచాలు ఖాళీ చేసేలోపే అబ్బాయి, వాళ్ళమ్మా నాన్నా, వెంట పాస్టర్ గారూ గుమ్మంలోకి వచ్చేశారు. అమ్మ నా వైపు చూసిన చూపుకి కేసరి మాడిపోవాలి. కేసరిని చివరికి గ్లాసుల్లో పెట్టి స్పూన్లు వేసి ఇచ్చింది.

ముందు ప్రార్థన. మా పాస్టర్ గారి ప్రార్థన లోకంలో ఉన్న రోగులందరినీ, ప్రయాణికులందరినీ పలకరించి గాని మా ఇంటికి రాదు. మధ్యలో నేను ఒక కన్ను తెరిచాను. అబ్బాయి రెండు కళ్ళూ తెరిచి సాసర్లోకి చూస్తున్నాడు. మెడ సాచి మరీ చూస్తున్నాడు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆమెన్ అనేలోపే ఇతనే కావాలని అనేసుకున్నాను. నాకు జీవితంలో మొదటిసారి ఒక సంబంధం తప్పిపోతుందేమోనని భయం వేసింది.

ఆమెన్ అయిందో లేదో అతను నోరు విప్పాడు.

“ఏవండీ, తైషో గారు ఏలింది పదిహేనేళ్ళని మీరే రాసేరు కదా?”

“అవునండీ.”

“మరి ఈ కవరు మీద తైషో ఇరవై అని రాసేరేటండీ? సచ్చిపోయేక కూడా డ్యూటీకొచ్చీవోడా?”

వాళ్ళ నాన్న కిసుక్కున నవ్వాడు. నాకు చెవులు కాలిపోయాయి. కావాలనుకున్న మనిషి కదా, కాస్త తగ్గుదామా అంటే అదీ లేదు.

“మీకు జపాన్ బాస వచ్చేటండీ?”

“రాదండి. లెక్కలొచ్చు.”

“నాను రాసిందే కరెక్టు. రెండు గీతలు, పక్కన పది. రెండు పదులు ఇరవై కాదేటి?”

“నెమ్మదే,” అని అమ్మ పళ్ళ మధ్యలోంచి అంది. వాళ్ళమ్మ కేసరి గ్లాసు కింద పెట్టేసింది. అయిపోయింది, చేజేతులా చెడగొట్టుకున్నాను అనుకుంటూనే భూతద్దం తీసి నాణెం మీద పెట్టాను. అప్పుడు కనిపించింది. తాత నాణేల మీద ‘సంవత్సరం’ అక్షరం ఎప్పుడూ కుడి చివర ఉండేది. దీని మీద ఎడమ చివర ఉంది!

“తిరగబడింది!” అని అరిచాను. “పాత రోజుల్లో కుడి నుంచి ఎడమకి రాసీవోళ్ళు! ఇది రెండు పదులు కాదండీ, పదీ రెండూ. పన్నెండు! తైషో పన్నెండు!”

“అమ్మయ్య, బతికున్నాడు!” అన్నాడతను, కుర్చీ లాక్కుని వచ్చేస్తూ.

ఇక ఆగలేదు. షోవా ముప్ఫై అని రాసింది షోవా పదమూడు అయింది. ప్రతి కవరుకీ ఇద్దరం ఒకేసారి అరుస్తున్నాం. మా తలలు రెండుసార్లు ఢీకొన్నాయి. టీలు చల్లారిపోయాయి. ఒళ్ళంతా తేలిపోతోంది నాకు. తను రాసింది తప్పని తేలినందుకు నా అంత ఆనందపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు.

వాళ్ళమ్మ గొంతు సవరించుకుని లేచింది. “మరి ఎల్తామండీ. పాస్టర్ గారితో కబురు పంపుతాం.”

మళ్ళీ ఆ మాటే. ఆడపిల్ల నోరు తెరవకూడని చోటు అది, నాకు తెలుసు. అయినా ఆగలేకపోయాను.

“కబురెందుకండీ, నాకిష్టమే!”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టర్ గారు పైకప్పు చూశారు. నేను తల వంచుకుని, చెయ్యి ఖాళీగా ఉంచలేక, తైషో కవరు మీద ‘20’కి అడ్డంగా ఒకే గీత గీసి, పక్కన ‘12’ రాసి సంతకం చేశాను. మందుల కంపెనీల్లో తప్పును చెరిపెయ్యకూడదు, కొట్టేసి సంతకం పెట్టాలి. దాని కింద సరిచూసినవాళ్ళు ఇంకొకరు సంతకం పెడితే తప్ప అది చెల్లదు.

అతను నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. వాళ్ళమ్మ వైపు ఒకసారి చూసి, నా సంతకం కింద తన సంతకం పెట్టాడు.