రాజుగారి సీసపు లైను

కోవెంట్రీలో ఎముకల డాక్టరు సుబ్బరాజుగారికి ఈ లోకంలో నచ్చిన మనిషి ఒక్కడే. ఆ మనిషిని రోజూ పొద్దున్నే అద్దంలో చూసుకుంటారు. మిగతావాళ్ళంతా చవటలు. భీమవరం చెరువుల మధ్య పుట్టినవాణ్ణి, చేపల సంగతి నాకా చెప్పేది అంటారు. చెరువు పక్కన పుడితే సరా? కప్ప కూడా అక్కడే పుడుతుంది.

ఆదివారం వచ్చిందంటే ఆయన ఊరి బయట రిజర్వాయరులో జాండర్ అనే చేప వేటకు పోతారు. అమెరికావాళ్ళ వాల్‌ఐ చేపకు ఇది దాయాది. అడుగున, మసక నీళ్ళలో తిరుగుతుంది. పడవను మెల్లగా నడుపుతూ వెనక ఎర లాగాలి. ఎర అంత లోతుకు దిగాలంటే గాలపు లైనుకు బరువుండాలి. అక్కడివాళ్ళు ఎక్కువగా సీసపు లైను వాడతారు. లోపల సీసం తీగ, పైన అల్లిక, పది గజాలకోసారి ఎరుపూ పచ్చా అని రంగు మారుతుంది. ఎన్ని రంగులు వదిలితే అంత లోతు. దాని పేరెత్తితే రాజుగారికి ఒళ్ళు మంట. గొడ్లను కట్టే పలుపు అది అని తీసిపారేస్తారు. మామూలు లైనుకు సీసపు గుండు తగిలించుకోవడమే బుర్ర ఉన్నవాడి పద్ధతి అంటారు.

బుర్ర సంగతి అలా ఉంచండి. రాజుగారి కంటికి ఎరుపూ పచ్చా ఒక్కటే, రెండూ బురదే. ఈ సంగతి భార్య హైమావతికొక్కదానికే తెలుసని ఆయన ధీమా. టమాటాలు ఏరేది ఆవిడే, టై తీసిచ్చేదీ ఆవిడే. నాకు రంగులు తెలియవు అని ఒక్క మాట చెబితే ఈయన సొమ్మేం పోతుంది? కానీ రాజుగారు తెలియదన్న మాట పుట్టి ఎరగరు. తిట్టడమే సులువు.

ఆ రిజర్వాయరులో ఒంటరిగా పడవ ఎక్కనివ్వరు. ఒకరు నడపాలి, ఒకరు లైను చూసుకోవాలి. రాజుగారి నోటికి జడిసి జతగాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి పద్మనాభం మిగిలాడు. తెనాలి మనిషి, దగ్గర్లోనే సర్జరీలో, అంటే అక్కడి క్లినిక్కులో, జీపీ డాక్టరు. ఇతను కూడా పోతే ఇక నీళ్ళ మొహం చూసేది లేదని రాజుగారికి తెలుసు. తెలిసీ నోరు కట్టుకోలేదు. పద్మనాభానికి ఒక అలవాటుంది. దారికి గుర్తుగా నీళ్ళమీద తేలే రంగు డబ్బాలు, ఆ బోయాలన్నిటినీ పైకి చెబుతాడు, ఇదిగో ఎర్రది, ఎడమకి తిప్పుతున్నా, అదిగో పచ్చది అని. నాకు అంగన్‌వాడీ పాఠాలెందుకయ్యా అని రాజుగారు కసిరేవారు. పద్మనాభం నవ్వి ఊరుకునేవాడు. తర్వాతి బోయా రాగానే మళ్ళీ చెప్పేవాడు.

అక్టోబరులో జంటల వేట పోటీ వచ్చింది. ఆ సీజనంతా రాజుగారి గుండ్లకు ఒక్క చేపా పడలేదు. పోటీ రోజు పడవ ఎక్కగానే పద్మనాభం ఒక రీలు చేతికిచ్చాడు. సీసపు లైను.

"ఈ ఒక్కరోజుకి నా మాట వినండి రాజుగారూ. మూడు రంగులు వదిలితే చాలు. గ్లౌజులు తీసేసి వదలండి, చేతికే తెలుస్తుందండి."

చేతికి తెలియడమేమిటి, వీడి మొహం, అనుకున్నారు రాజుగారు. వద్దంటే ఎందుకని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. అంతకంటే చావు నయం. చలిలో చేతులు బయటపెట్టుకునేది బైతులని ఒక మాట విసిరి, గ్లౌజులతోనే లైను వదిలారు. బురద తర్వాత బురద జారిపోయింది. ఎక్కడ ఆపాలో తెలియలేదు, అడగడానికి నోరు రాలేదు. ఎర అడుగుకు పోయి మునిగిన చెట్టు మోడుకు తగులుకుంది. పడవ సాగుతూనే ఉంది, లైను ఫట్టుమని తెగింది.

ఒడ్డుకు వచ్చాక అందరి ముందూ మొదలుపెట్టారు. లైను చెత్త, ఇచ్చినవాడు చెత్త, పడవ నడపడం రాని దద్దమ్మ తనకు జత. అక్కడితో ఆగినా బాగుండేది.

"ఇన్నేళ్ళు నిన్ను పక్కన కూచోబెట్టుకున్నాను చూడు, అదీ నా బుద్ధితక్కువ."

పద్మనాభం మొహం పాలిపోయింది. అలాగేనండి అని మాత్రం అన్నాడు. రీలు అక్కడే వదిలేసి, తన సంచీ తీసుకుని కారెక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాజుగారు మిగిలిన లైను పారేద్దామని గరాజులో కూర్చుని రీలు విప్పసాగారు. చేతికి గ్లౌజుల్లేవు. వేలికేదో తగిలింది. సన్నటి దారం బిగించి చుట్టిన చిన్న ముడి. ఇంకా విప్పితే ఇంకొకటి తగిలింది. హైమావతిని పిలిచి ఏమిటిదని అడిగారు. ఆవిడ వెలుగులో పెట్టి చూసింది.

"రంగు మారే చోటల్లా కట్టారండీ," అంది.

అప్పుడు బోయాలు గుర్తొచ్చాయి. ఎర్రది, పచ్చది, ఎడమకి, కుడికి. ఇన్నేళ్ళూ ఒక్క మాట బయటపెట్టకుండా, ఒక్కసారి కూడా ఎత్తిపొడవకుండా ఈయనకు కళ్ళయి తిరిగాడు ఆ చవట. రాజుగారికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఫోన్ చేశారు. క్షమించమని అడగబోయి, అలవాటు లేక, వచ్చే ఆదివారం ఎన్నింటికి అని అడిగారు.

"ఆ లైను మీ దగ్గరే ఉంచుకోండి రాజుగారూ, మీకోసమే కట్టాను," అన్నాడు పద్మనాభం. గొంతులో కోపం లేదు. "నేను వేరేవాళ్ళ పడవలో కూచుంటున్నానండి."

రాజుగారు ఫోన్ పెట్టేసి, ఎవణ్ణో ఒకణ్ణి తిడదామని నోరు తెరిచారు. హైమావతి అప్పటికే లోపలికి వెళ్ళిపోయింది.