తాడు లాగుతుంటే బయట ఒత్తిన చేతులు

దయ్యాలంటే నాకు మొదటినుంచీ లెక్కలేదు. మా కేజీఎఫ్‌లో మూసేసిన బంగారు గని షాఫ్టుల దగ్గర ఆత్మలు తిరుగుతున్నాయని వీడియోలు తీసుకోవడానికి బెంగళూరు నుంచి జనం వస్తుంటారు. వాళ్ళకు దారి చూపించి, టీ తాగించి, వాళ్ళు అటు పోగానే నవ్వుకున్నవాణ్ణి నేను. మా నాన్న ముప్పై ఏళ్ళు ఆ గనిలో పనిచేశాడు. ఆయనకు ఒక్క దయ్యమూ కనబడలేదు. దగ్గు మాత్రం వచ్చింది.

కాబట్టి దయ్యాన్ని చూశానని నేను చెప్పడం లేదు. ఏం చూశానో నాకే తెలియదు. మా అన్న చనిపోయిన మధ్యాహ్నం జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. అన్న పడిపోయినప్పుడు నువ్వు ఎక్కడున్నావని మా వదిన నన్ను అడిగింది. ఆమె అడిగిన దానికి జవాబు చెప్పాలి. నా బాధంతా అదే.

అన్న పేరు మునిరత్నం. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఆండర్సన్‌పేటలో మాకొక రేకుల షెడ్డు ఉంది. బండ్లకు అద్దాలు బిగించడం మా పని. ఇప్పటి కార్ల అద్దాలు గమ్ముతో అతికించేస్తారు, అది ఎవరైనా చేస్తారు. పాత కార్ల ముందు అద్దం అలా కాదు, చుట్టూ బీడింగు రబ్బరుతో కూర్చుంటుంది. ఆ పని తెలిసిన చేతులు మా జిల్లాలో తక్కువ. అందుకే ముళబాగిలు నుంచి, కోలారు నుంచి పాత బండ్లు వెతుక్కుంటూ మా దగ్గరికే వచ్చేవి.

ఆ పని ఎలా చేస్తారో చెప్పకపోతే తరవాత జరిగింది అర్థం కాదు. ముందుగా రబ్బరును అద్దం చుట్టూ తొడుగుతాం. రబ్బరు లోపలి గాడిలో నైలాన్ తాడు పెట్టి, సబ్బు నీళ్ళు పూసి, అద్దాన్ని కారు ముందు ఆనిస్తాం. ఒకడు కారు లోపల కూర్చుని తాడు కొస లాగుతాడు. తాడు వస్తున్నకొద్దీ రబ్బరు మడత తిరగబడి రేకు అంచును పట్టుకుంటుంది. అయితే తాడు ఎక్కడ వస్తుందో సరిగ్గా అక్కడ, అదే క్షణంలో, బయట రెండోవాడు అరచేతులతో గట్టిగా ఒత్తాలి. ఒత్తకపోతే తాడు ఊరికే ఊడి చేతికొస్తుంది, మడత తిరగదు. ఎంత మొనగాడైనా ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

లోపల నేను, బయట అన్న. ఇరవై రెండేళ్ళుగా అంతే.

మేం పని చేసేటప్పుడు మాట్లాడుకోం. మా నాన్నది షాఫ్టు దగ్గర గంట కొట్టే పని. గంటను బట్టే గనిలోకి మనుషుల్ని దించే బోను పైకీ కిందికీ నడుస్తుంది. అక్కడ ఎవడూ నోటిమాట నమ్మడు, అరుపు ఒకటి చెబితే చెవికి ఒకటి వినబడుతుంది. ఆయన అలవాటే మాకూ వచ్చింది. అన్న కారు పైరేకు మీద వేలి కణుపుతో ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే లాగు. మూడు కొడితే అయిపోయింది, దిగు. తల ఎత్తి చూడడం గానీ, అన్నా అని పిలవడం గానీ ఉండదు. వేరే ఊరి మెకానిక్కులు మమ్మల్ని చూసి, అన్నదమ్ములు కొట్లాడుకున్నారేమో అనుకునేవాళ్ళు.

ఇంకో సంగతి. గనిలో బంగారం తీశాక పారబోసిన సైనైడ్ దిబ్బల మట్టి వేసవి గాలికి లేచి ఊరంతా పడుతుంది. అది అద్దం మీద ఉండగా అరచేత్తో ఒత్తితే గీతలు పడతాయి. అందుకని అన్న పాత పంచె ముక్కొకటి తడిపి అద్దం మీద పరిచి, దాని మీద ఒత్తేవాడు. లోపలున్న నాకు అన్న ముఖం కనబడదు. గుడ్డ వెనక కదిలే నీడ కనబడుతుంది, అంతే.

ఆ రోజు వచ్చింది ఒక పాత అంబాసిడర్. కోలారులో బ్యాంకు ఉద్యోగం చేసే ఒకాయనది, వాళ్ళ తాతగారు కొన్న బండి. మర్నాడు పొద్దున ఆవని గుడికి తీసుకెళ్ళి పూజ చేయించాలట. నిజానికి ఆ రోజు అన్న రానన్నాడు. రెండు రోజులుగా ఎడమ భుజం లాగుతోందన్నాడు. నేనే ఫోన్ చేసి పిలిచాను.

"భుజమేమన్నా ఊడిపోతాదా? అరగంట పని. వచ్చి ఒత్తిపోన్నా," అన్నాను.

ఆ మాటను వెనక్కి తీసుకోవడానికి లేదు. ఫోన్ వదిన పక్కనే ఉండగా మోగింది, ఆమె వింది.

మధ్యాహ్నం రెండున్నరకు మొదలుపెట్టాం. పాత రబ్బరు కోసి తీసేశాం, అంచున తుప్పు గీకాం. కొత్త రబ్బరు బిరుసుగా ఉంటే వేడి నీళ్ళలో వేసి మెత్తబరిచాం. అద్దం ఆనించి కింది వైపు మొత్తం కూర్చోబెట్టేసరికి మూడు దాటింది. అప్పుడు పైన ఒకటి కొట్టాడు. ఆపాను. బకెట్టు చప్పుడు వినబడింది. గుడ్డ ఆరిపోయినట్టుంది, నీళ్ళకు పోతున్నాడు అనుకున్నాను.

ఖాళీగా ఉండడమెందుకని ఫోన్ తీసి, సగం కూర్చున్న అద్దాన్ని లోపలినుంచి ఫోటో తీసి ఓనరుకు పంపించాను. ఆ ఫోటో మీద టైము మూడూ ఎనిమిది.

తరవాత కాసేపటికి పైన రెండు దెబ్బలు. లాగు.

లాగాను. చేతులు ఒత్తాయి. నా కళ్ళు తాడు మీదే ఉన్నాయి గానీ, గుడ్డ మీద రెండు అరచేతుల నీడ తాడు వెంబడే రావడం కనబడుతూనే ఉంది. ఎడమ మూల తిరిగాం, పైకి వెళ్ళాం. పై మూలల దగ్గర రబ్బరు ఎప్పుడూ మొరాయిస్తుంది. అన్న అక్కడ బూతులు తిడతాడు, ఒగరుస్తాడు. ఆ రోజు చప్పుడే లేదు. భుజం నొప్పి కదా, ఓపిక లేక మెదలకుండా చేస్తున్నాడనుకున్నాను. చెబితే సిగ్గు, కానీ చెప్పాలి: అంత బాగా ఏ రోజూ కుదరలేదు. నా చెయ్యి ఎక్కడ ఆగితే ఆ చేతులు అక్కడ ఆగాయి.

చివరి కొస చేతికి వచ్చేసింది. పైన మూడు దెబ్బలు. అప్పుడే ఓనరు ఫోన్ చేశాడు, మూడూ నలభైకి. "అయిపోయింది సార్, పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళండి," అని చెబుతూనే తలుపు తీసుకుని దిగాను.

కారు ముందు ఎవరూ లేరు. అద్దం మీది గుడ్డ పూర్తిగా ఎండి గరగరలాడుతోంది. షెడ్డు పక్క సందులో కొళాయి పారుతున్న శబ్దం వస్తోంది. పోయి చూస్తే బకెట్టు నిండి నీళ్ళు సందంతా పోతున్నాయి. గోడకు ఆనుకుని అన్న కూర్చుని ఉన్నాడు. గడ్డం గుండెల మీద ఆనింది. ముట్టుకుంటే చల్లగా తగిలాడు. తడిసిన చొక్కా వల్ల అనుకున్నాను, అనుకోవాలనుకున్నాను.

ఆటోలో వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తాం. గుండెపోటు అన్నారు. ప్రాణం పోయి అరగంట పైనే అయిందన్నారు. పడిన వెంటనే తెచ్చి ఉంటే ఏమైనా చేయగలిగేవాళ్ళమని కూడా ఆ డాక్టరు అన్నాడు. ఆయనేదో మామూలుగా అన్నాడు. కబురు విని వచ్చిన వదిన నా పక్కనే నిలబడి ఉంది.

మా ఎదురుగా ఉన్న మందుల షాపు కెమెరాలో సందు, కొళాయి కనబడతాయి. షెడ్డు వాకిలీ లోపలా కనబడవు. మూడో రోజు నేనూ వదినా వాళ్ళ కౌంటరు దగ్గర నిలబడి చూశాం. అన్న బకెట్టు కొళాయి కింద పెట్టాడు. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. షెడ్డు వైపు ఒకసారి తిరిగాడు. గోడకు జారి కూర్చున్నాడు. అప్పటికి మూడూ తొమ్మిది. కెమెరా గడియారం సరిగ్గా ఉందో లేదో నా ఫోనుతో పోల్చి చూసుకున్నాను, తేడా లేదు. మూడూ పదమూడుకల్లా కదలడం ఆగిపోయింది. ఇద్దరు మనుషులు ఆ సందులో అతని కాళ్ళు దాటుకుని పోయారు. తాగి పడుకున్నాడనుకుని ఉంటారు. నేను దిగి వచ్చేవరకూ అన్న అక్కడినుంచి లేవలేదు.

"ఆ పొద్దు నువ్వు యాడ ఉండినావు శీనా?" అంది వదిన.

"కారు లోపల, తాడు లాగతా ఉండినాను వదినా. బయట ఒత్తతా ఉన్నారు. అన్నే అనుకున్నాను."

ఆమె నా ముఖంలోకి చూసింది. వేరే ఆడమనిషైతే నమ్మేదేమో. రత్నమ్మ వదినకు ఈ పని తెలుసు. షెడ్డు పెట్టిన కొత్తలో మనిషి దొరకనప్పుడు అన్న లోపల, ఆమె బయట ఉండి ఎన్నో అద్దాలు కూర్చోబెట్టారు. ఒక్కడివల్ల కాదని ఆమెకు ఒకరు చెప్పక్కర్లేదు.

"అద్దం ముందే ఐపోయింటాది. నువ్వు ఫోన్ చూసుకుంటా కూర్చోనుంటావు. ఆయన పిలిచింటాడు, నీకు ఇనపళ్ళేదు. అది చెప్పేదానికి నోరు రాక ఈ కత చెప్తా ఉండావు," అంది.

ఫోటో చూపించాను. మూడూ ఎనిమిదికి పై సగం ఇంకా కూర్చోలేదు. అయితే ఇంకెవడో ఉన్నాడు, ఎవడు వాడు, అని అడిగింది. ఎవరూ లేరని అమ్మ మీద ఒట్టు వేశాను. ఆమె కౌంటరు మీద డబ్బాలు సర్దుతున్న షాపతన్ని అడిగింది. షెడ్డులోకి ఎవరూ వెళ్ళడం తాను చూడలేదన్నాడు. వదిన ఇంటికి వెళ్ళిపోయింది. పదకొండో రోజువరకూ నా చేతి నీళ్ళు కూడా ముట్టలేదు.

ఈ మధ్యలో నేను ఊరుకోలేదు. ఆ కారులో గానీ, ఆ కారు కింద పడి గానీ ఎవరైనా చనిపోయారేమోనని ఓనర్ని మూడుసార్లు అడిగాను. ఎవరూ లేరు. వాళ్ళ తాతగారు తొంభై ఏళ్ళు బతికి మంచం మీద పోయారు. షెడ్డు స్థలం గురించి అడిగాను, అదంతా ఒకప్పుడు పశువుల కొట్టం. ఎండకు నాకు మతి చలించిందా అంటే, అద్దం కూర్చునే ఉంది కదా. మతి చలించినవాడు రబ్బరు తిప్పలేడు.

ఒక్కటి మాత్రం తరవాత తట్టింది. మా షెడ్డు పడమటి ముఖం. ఆ వేళ ఎండ నేరుగా కారు మూతి మీద పడుతుంది. అన్న నిలబడితే గుడ్డ సగం నల్లబడేది, భారీ మనిషి కదా. రెండోసారి లాగడం మొదలుపెట్టాక గుడ్డంతా తెల్లగానే ఉంది. రెండు చేతుల నీడ తప్ప ఏమీ లేదు. అది నా కళ్ళ ముందే ఉంది, నేను చూడలేదు.

పన్నెండో రోజు పొద్దున వదిన తనంతట తానే షెడ్డుకు వచ్చింది. కారు ఇంకా అక్కడే ఉంది. మా ఇంట్లో జరిగింది తెలిసి ఓనరు తొందరపెట్టలేదు.

"తియ్యి అద్దం," అంది.

తీశాను. మళ్ళీ రబ్బరు తొడిగాం, తాడు పెట్టాం. కింది సగానికి ఆమే ఒత్తింది, చీర కొంగు నడుముకు దోపుకుని. సరిగ్గా ఫోటోలో ఉన్న చోటికి వచ్చాక చేతులు తీసేసి దూరంగా నిలబడింది.

"ఇంగ నువ్వొక్కడే లాగు."

లాగాను. తాడు ఊరికే ఊడి వచ్చింది. మళ్ళీ పెట్టి లాగాను. లోపలినుంచే ఒక చేత్తో రబ్బరు పట్టుకుని, కాలు డాష్‌బోర్డుకు తన్ని పెట్టి లాగాను. వేళ్ళ చర్మం లేచింది గానీ ఒక్క అంగుళం తిరగలేదు. మూడోసారికి నాకు ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు.

వదిన వచ్చి కారు తలుపు తీసింది. నా చేతులు చూసింది. ఆమె కోపమంతా పోయింది, ముఖం పాలిపోయింది.

"నువ్వు అబద్దం చెప్పలేదప్పా," అంది. కొంగుతో నా వేళ్ళు తుడిచింది. ఆ తరవాత అడిగింది.

"ఆయనే ఐతే, ప్రాణం పోతా ఉంటే గాజు ఒత్తేదానికి వచ్చినాడా? శీనా, నాకు బాగలేదురా, అని ఒక్క మాట చెప్పేదానికి రాలేదా? ఆయన కాకుంటే, నిన్ను దిగనీకుండా అంతసేపు లోపలే కూర్చోబెట్టింది ఎవురు?"

నాలుగు నిమిషాలు అన్న ప్రాణంతో ఉన్నాడని కెమెరా చెబుతోంది. ఆ నాలుగు నిమిషాల్లో నేను దిగి ఉంటే చాలు. పైన రెండు దెబ్బలు వినబడకపోతే, ఏమిటింత ఆలస్యమని తప్పకుండా దిగేవాణ్ణి. అవి ఎవరు కొట్టారో నాకు తెలియదు. మేలు చేద్దామని కొట్టారో, చంపుదామని కొట్టారో కూడా తెలియదు.

వదిన ఇప్పుడు నన్ను నమ్ముతోంది. ఇంటికి పోతే అన్నం పెడుతుంది. పెట్టి, ఎదురుగా కూర్చుని, తింటున్న నా చేతుల వైపే చూస్తూ ఉంటుంది. ఆమె నన్ను అబద్ధాలకోరు అనుకున్న ఆ తొమ్మిది రోజులే నాకు నయంగా ఉండేది.